డిక్కీ మీద రెండు దెబ్బలు

ఆ ఆదివారం పొద్దున సరస్సు మీద చలి సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద ఉంది. అలాంటి చలిలో మనిషన్నవాడు దుప్పటి ముసుగేసుకుని పడుకోవాలి గానీ, పాత కార్లు వేసుకుని గడ్డకట్టిన నీళ్ళ మీద పందేలాడకూడదు. ఈ మాట ఓర్విల్ లెహ్టోకి ఆయన భార్య హెల్మి ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. ఆయన ముప్పై ఏళ్ళుగా వింటూనే ఉన్నాడు, చలికాలం ఆదివారం వస్తే చాలు తెల్లవారకముందే మంచు తొలిచే బర్మా భుజాన వేసుకుని బయల్దేరుతూనే ఉన్నాడు.

ఇరవై చోట్ల బెజ్జాలు తొలిచి కొలబద్ద దించాడు. ఎక్కడా మంచు ఇరవై రెండు అంగుళాలకు తగ్గలేదు. ఆ తర్వాత పదహారు కార్లు వరసపెట్టి చూశాడు. బెల్టు పట్టుకుని తన ఒంటి బరువంతా వేసి లాగాడు. లోపలి ఇనప గొట్టాల పంజరాన్ని అతుకు అతుకు దగ్గరా తట్టాడు. కిటికీ వల ఒంటి చేత్తో ఊడి వస్తోందో లేదో చూశాడు. బాగున్న కారు అద్దానికి పచ్చ చీటీ అంటించాడు. ఓర్విల్ చీటీ పడిందంటే ఇక ఆ కారు గురించి ఎవరూ మారు మాట్లాడరు. ఆయన క్లబ్బుకి ఇన్‌స్పెక్టరైన పంతొమ్మిదేళ్ళుగా అంతే.

చివరి కారు రోజాన్ బెషార్‌ది. ఊళ్ళో బేకరీలో పని చేస్తుంది, ముప్పై నాలుగేళ్ళుంటాయి. రెండు చలికాలాలు తన గరాజులో కూర్చుని, తుక్కుకి పోవాల్సిన కారుకి తనే ప్రాణం పోసుకుంది. పందేనికి దిగడం ఇది మూడోసారి.

"ఈ రెండు స్విచ్‌లూ ఇలా అంటుకుని ఉన్నాయేంటమ్మాయ్?" అన్నాడు ఓర్విల్ లోపలికి తల పెట్టి. ఒకటి వెనక దీపానిది, ఒకటి అద్దానికి గాలి కొట్టే ఫ్యానుది. "ఈ లావు గ్లోవ్సుతో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతావు. వచ్చే వారానికి దూరంగా మార్చు."

"మారుస్తాను. ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యండి. జాగ్రత్తగా ఉంటాగా."

ఆ మాట కాగితం మీద రాసుకుని చీటీ అంటించాడు.

మంచు పందెంలో గుద్దుకోవడం కంటే కనబడకపోవడం పెద్ద గండం. టైర్ల మేకులు మంచును చీల్చి పిండిలా ఎగదోస్తాయి. ఆ తెల్లటి దుమ్ములో ముందు కారుకున్న ఎర్ర దీపం ఒక్కటే వెనకవాడికి దారి. పాత రకం దీపాలు వేడెక్కి తమ మీద పడ్డ మంచును తామే కరిగించుకునేవి. ఇప్పుడొచ్చినవి చల్లగా వెలుగుతాయి, మంచు పేరుకుపోతే పేరుకుపోయినట్టే ఉంటుంది. అందుకని ఈ క్లబ్బులో ఒక ఆనవాయితీ పడింది. ఇంజను వేడెక్కడానికి ఒక చుట్టు తిరిగి వచ్చి కార్లన్నీ వరసలో నిలబడతాయి. అప్పుడు ప్రతివాడూ తన వంతుకి దిగి, తన ముందున్న కారు దీపం తుడిచి, డిక్కీ మీద రెండు దెబ్బలు కొడతాడు. లోపల పంజరంలో బెల్టులతో బిగించుకుని కూర్చున్నవాడికి ఆ రెండు దెబ్బలే కబురు: నీ దీపం శుభ్రంగా ఉంది, వెలుగుతోంది, ఇక నువ్వు పోవచ్చు. చివరి కారు వెనక ఎవరూ ఉండరు గనక దాని దీపం ఇన్‌స్పెక్టర్ తుడుస్తాడు. కొత్తవాళ్ళు ఎప్పుడూ చివరే నిలబడాలి. కాబట్టి రోజాన్ దీపం ఓర్విల్‌ది.

ఆయన నడుముకి దోపుకున్న గుడ్డ అప్పటికే చెక్కలా బిగుసుకుపోయింది. వేళ్ళకు స్పర్శ తెలియడం లేదు. పందెం మొదలుపెట్టే జెండా పట్టుకుని బెవ్ అప్పుడే మంచె ఎక్కి చెయ్యి పైకెత్తింది. ముందున్న ఇంజన్లు గర్జిస్తున్నాయి. గుడ్డ విదిలించి మెత్తబరచడానికి పది క్షణాలు పడుతుంది. ఒక్క చుట్టుకే ఎంత మంచు పట్టి ఉంటుందిలే అనుకున్నాడు. నిజానికి అనుకున్నాడో లేదో కూడా ఆయనకి తర్వాత గుర్తు రాలేదు. పిడికిలితో డిక్కీ మీద టకటకమని రెండు దెబ్బలు కొట్టి, గట్టు మీదికి ఎక్కేశాడు.

ఆరో చుట్టులో, రెండో మలుపు దాటగానే రోజాన్ కారు ఆగిపోయింది. అందరికంటే ముందున్న డ్వేన్ మెక్‌అల్పిన్ ఒక చుట్టు పూర్తిగా ఎక్కువ తిరిగి వెనకనుంచి వచ్చాడు. ఆ దుమ్ములోకి దూరాడు. రేకు డబ్బా కాలికింద నలిగిన చప్పుడు వినబడింది. బెవ్ ఎర్ర జెండా విసిరింది.

ఓర్విల్ బూట్లకున్న ముళ్ళు మంచులో దిగబడుతుంటే పరుగెత్తాడు. కారు బయటి మీట లాగి కరెంటు మొత్తం ఆపేశాడు, నిప్పంటుకోకుండా. అది మొదట చెయ్యాల్సిన పని. దానితో దీపం వెలుగుతోందా లేదా అన్నది కూడా ఆ క్షణంతోనే తెలియకుండా పోయింది.

డ్వేన్ తన కారులోంచి పాక్కుంటూ బయటపడ్డాడు. ముక్కు మీంచి రక్తం కారుతోంది. "దీపం లేదురా ఓర్విల్! ఒట్టు! తెలుపు తప్ప ఏమీ కనబడలేదు!"

రోజాన్‌ని చెక్కబల్ల మీద పడుకోబెట్టి అంబులెన్సు దాకా మోశారు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. నొప్పికి పళ్ళు కరుచుకుంటూనే ఆమె ఓర్విల్ చెయ్యి పట్టుకుంది.

"మధ్యలో అద్దానికి ఫ్యాను వేశాను. అప్పుడే దీపం ఆపేసుంటాను. మీరు పొద్దున్నే చెప్పారు కూడా. అయ్యో, డ్వేన్‌కి ఏమైనా అయ్యుంటే?"

ఓర్విల్ ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకున్నాడు.

*

ప్రమాదం జరిగిన రెండు రోజుల్లో ఇన్‌స్పెక్టర్ కారు చూసి నివేదిక రాయాలి. సోమవారం స్కూలు బస్సుల షెడ్డులో పని ముగించుకుని ఓర్విల్ రోజాన్ ఇంటికి వెళ్ళాడు. రాత్రంతా ఆయనకి కంటి మీద కునుకు లేదు. ఒక్క చుట్టుకి అంత మంచు పట్టదు, పట్టి ఉండదు, ఆ పిల్ల అన్నట్టు స్విచ్చే అయి ఉంటుంది అని మనసుకి నచ్చజెప్పుకుంటూ వచ్చాడు.

గరాజు తలుపు తెరిచే ఉంది. లోపలా బయటా ఒకటే చలి. కారు వెనక భాగం నలిగి సగానికి వచ్చింది గానీ, దీపం ఎత్తుగా, కప్పు అంచున బిగించినది కావడంతో చెక్కు చెదరలేదు. ఓర్విల్ టార్చి వేసి చూశాడు.

దీపం మీద బొటనవేలు మందాన మంచు. మొదటి చుట్టులో పట్టినది బూడిదరంగులో రాయిలా బిగిసి ఉంది. దాని మీద తర్వాతి చుట్లది తెల్లగా పొరలు పొరలుగా పేరుకుంది. అడుగున బూడిదరంగు పొర చెక్కుచెదరకుండా ఉందంటే ఆ దీపాన్ని పందేనికి ముందు ఎవరూ ముట్టుకోలేదని అర్థం. చిన్నపిల్లాడికి చూపించినా తెలిసిపోతుంది.

అప్పుడాయన చేసిన పని తలుచుకుంటే ఆయనకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కళ్ళు ఆ మంచును చూశాయి. చెయ్యి తనంతట తాను నడుము దగ్గరికి పోయింది, గుడ్డ లాగింది, దీపాన్ని గీకి గీకి శుభ్రంగా తుడిచింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు మరి! పెచ్చులు నేల మీద పడి ముక్కలయ్యాయి. అంతటితో ఊరుకుందా అంటే అదీ లేదు. పిడికిలి బిగుసుకుని, నలిగిన డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టింది.

అప్పటికి గానీ ఆయనకి తను చేసిందేమిటో తెలిసిరాలేదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తన చేతులారా తుడిచేశాడు. వంగి ఆ పెచ్చులు ఏరబోయాడు. గ్లోవు తగలగానే అవి పొడి అయిపోయాయి.

వంటింటి తలుపు తెరుచుకుంది. చెయ్యి మెడకి వేలాడదీసుకుని, కోటు ఒక భుజాన వేసుకుని రోజాన్ వచ్చింది.

"ఆ చప్పుడు విని వచ్చాను. నిన్న కూడా ఇలాగే వినబడింది. టక్ టక్," అంది. "అది వినబడ్డాక ఎంత ధైర్యంగా ఉంటుందో మీకు తెలీదు."

ఓర్విల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"స్విచ్ చూశారా?"

"ఇంకా లేదు."

"చూసీ లాభం లేదు. కారుని ఇంటికి ఈడ్చుకొచ్చినాయన దింపేటప్పుడు కనబడ్డ ప్రతి మీటా అటూ ఇటూ నొక్కాడు." ఆమె గోడకి ఆనుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. "మాత్ర వేసుకున్నా నిద్ర రావట్లేదు. కళ్ళు మూస్తే డ్వేన్ ముక్కు మీద రక్తం. ఆయనకి ముగ్గురు పిల్లలు. నా వేలు అరంగుళం పక్కకి పోయినందుకు వాళ్ళకి తండ్రి లేకుండా పోయేవాడు."

"అలా అనుకోకు."

"ఎలా అనుకోను? ఈ కారుని తుక్కువాడికి ఇచ్చేస్తాను. నాలాంటిది పిండి కలుపుకోవాలి గానీ పందేలేంటి?"

చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని లోపలినుంచి ఎవరో తోస్తున్నట్టే ఉంది. నోరు మాత్రం, "తొందరపడకమ్మాయ్, బుధవారం కమిటీ కూర్చుంటుందిగా," అంది. ఇంటికి వచ్చేదాకా దారిలో ఆయన తనని తాను తిట్టుకోని తిట్టు లేదు.

*

కమిటీ ఎప్పుడూ కూర్చునేది మంచు మీద ఆడే కర్లింగ్ ఆట హాలు క్యాంటీనులోనే. మూకుడులో చిక్కుడు గింజల కూర ఉడుకుతోంది, కాఫీ మరుగుతోంది. బల్లకి ఒక పక్క క్లబ్బు అధ్యక్షుడి హోదాలో డ్వేన్, ముక్కు మీద పట్టీతో. పక్కన బెవ్, మరో ముగ్గురు. ఎదురుగా రోజాన్, తప్పు చేసిన స్కూలు పిల్లలా.

ఆమె తనే మొదలుపెట్టింది. ఫ్యాను బదులు దీపం ఆపేసి ఉంటానని చెప్పింది, డ్వేన్‌కి క్షమాపణ చెప్పింది. అందరూ తలలూపారు. డ్వేన్ మర్యాదగానే మాట్లాడాడు. ఈ సీజను మిగిలిన మూడు ఆదివారాలూ ఆమె పందెం మానేసి ఇంట్లో కూర్చోవాలి, వచ్చే ఏడు మళ్ళీ కొత్తవాళ్ళ శిక్షణకి రావాలి అన్నాడు.

"ఆగండి," అని ఓర్విల్ లేచాడు. టోపీ చేతుల్లో నలుగుతోంది. "నేను దీపం తుడవలేదు."

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి.

"తుడవకుండానే డిక్కీ మీద కొట్టాను. సోమవారం చూస్తే దాని మీద ఇంత మంచుంది. అడుగు పొర అలాగే ఉంది. చూసి..." టోపీ బల్ల మీద పెట్టాడు. "చూసి, తుడిచేశాను."

"ఏం చేశావ్?" అంది బెవ్.

"తుడిచేశాను. అలవాటున."

ఎవరో కిసుక్కుమన్నారు. బెవ్ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

"ఒరే ఓర్విల్," అన్నాడు డ్వేన్ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి. "అబద్ధమాడ్డం కూడా చేతకాదేంట్రా నీకు! సాక్ష్యం నువ్వే చూశావు, నువ్వే తుడిచేశావు. ఆ అమ్మాయి మీద జాలితో నీ పేరు పాడుచేసుకుంటావా? చూశారా, ఎంత మంచి మనసో!"

చప్పట్లు కొట్టారు. ఓర్విల్ జీవితంలో అంత చేదు చప్పుడు వినలేదు.

"నేను నిజం చెబుతున్నాను."

రోజాన్ తల ఎత్తింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వద్దండీ. నా తప్పు మీ నెత్తిన వేసుకోకండి. డిక్కీ మీద కొట్టింది నేను విన్నాను. మీరు తుడవకుండా కొట్టే మనిషి కాదు."

ఆ మాటకి ఓర్విల్ కుర్చీలో కూలబడ్డాడు. చేతులెత్తమంటే ఐదు చేతులు లేచాయి. ఆయన చెయ్యి ఒక్కటే బల్లమీద ఉండిపోయింది. చివర్లో బెవ్ ఆయనకో గిన్నె నిండా కూర పోసి ముందు పెట్టింది. ఆయన దాన్ని అలాగే వదిలేసి లేచాడు.

*

ఆదివారం చలి కాస్త తగ్గింది. ఓర్విల్ బెజ్జాలు తొలిచాడు, కార్లు చూశాడు. ఎప్పటికంటే రెట్టింపు సేపు చూశాడు. పదిహేను పచ్చ చీటీలూ అంటించాడు. ఇక మిగిలింది కాగితం. ఇన్‌స్పెక్టర్ సంతకం లేనిదే ఒక్క కారు కూడా సరస్సు మీద పందేనికి దిగకూడదన్నది బీమా వాళ్ళ షరతు. చుట్టుపక్కల రెండు వందల కిలోమీటర్లలో ఆ సంతకం పెట్టే అర్హత ఉన్నది ఆయన ఒక్కడికే.

కాగితం తీసుకుని డ్వేన్ దగ్గరికి వెళ్ళాడు. అందరూ హెల్మెట్లు పెట్టుకుంటున్నారు.

"సంతకం ఏదిరా?"

"పెట్టలేదు."

"మర్చిపోయావా? ఇదిగో కలం."

"మర్చిపోలేదు. బుధవారం రాసుకున్నది కొట్టేసి, నేను చెప్పింది రాయండి. ఇన్‌స్పెక్టర్ దీపం తుడవలేదని రాయండి. అప్పుడు పెడతాను."

డ్వేన్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఓర్విల్ మోచెయ్యి పట్టుకుని ట్రెయిలరు చాటుకి లాక్కుపోయాడు.

"నీకు మతి ఉందా? కారు నడిపినవాళ్ళ తప్పయితే బీమా వాళ్ళు పట్టించుకోరు. ఇన్‌స్పెక్టర్ తప్పని రాసి పంపితే వాళ్ళు చేసే మొదటి పని మన క్లబ్బు అనుమతి పీకెయ్యడం! నలభై ఏళ్ళ క్లబ్బు. మా నాన్న పెట్టిన క్లబ్బు. ఆ పిల్ల మూడు ఆదివారాలు ఇంట్లో కూర్చుంటే వచ్చే నష్టమేంటి? ఎలాగూ చెయ్యి విరిగింది కదా!"

ఓర్విల్ అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా ఒక్కో మాటా అన్నాడు.

"అంటే బుధవారం నువ్వు నా మాట నమ్మావు."

డ్వేన్ ముక్కు మీద పట్టీ సర్దుకున్నాడు. సరస్సు వైపు చూశాడు.

"నమ్మే చప్పట్లు కొట్టావు," అన్నాడు ఓర్విల్.

"నేనే కాదు," అన్నాడు డ్వేన్ గొంతు తగ్గించి. "బెవ్ కూడా. అందరం. నీకు అబద్ధమాడ్డం రాదని మాకు తెలీదా? ఒక్క గీత గియ్యరా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

గట్టు మీద బెవ్ ఆకుపచ్చ జెండా చంకలో పెట్టుకుని ఇటే చూస్తోంది. ఆమెతో ఇరవై ఏళ్ళ స్నేహం. ఓర్విల్‌కి ఆ మంచు మీద ఇంతకు ముందెన్నడూ కలగనంత భయం కలిగింది. ఈ మనుషులు లేకపోతే ఆదివారం ఎక్కడికి పోవాలో, ఎవరితో మాట్లాడాలో ఆయనకి తెలియదు. అయినా కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

"నువ్వు రాయకపోతే నేనే రాసి బీమా వాళ్ళకి పంపుతాను," అన్నాడు.

కార్లు ఒక్కొక్కటే ట్రెయిలర్లెక్కాయి. గొలుసులు బిగించే చప్పుడు తప్ప ఎవరూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. బెవ్ తన బండి అద్దం దించకుండానే పక్కనుంచి వెళ్ళిపోయింది. ఓర్విల్ తన బండిలోనే కూర్చుని, స్టీరింగు మీద కాగితం పెట్టుకుని, జరిగింది జరిగినట్టు రాశాడు. ఊళ్ళోకి వచ్చి పోస్టు డబ్బాలో వేశాడు. అక్కణ్ణించి తిన్నగా రోజాన్ ఇంటికి వెళ్ళాడు.

ఆమె తలుపు సగం తెరిచింది. "పందెం ఆగిపోయిందట కదా? ఎవరో ఫోన్ చేశారు. మీరు సంతకం పెట్టలేదట."

"పెట్టలేదు."

ఆమె చాలాసేపు ఆయన ముఖం చూసింది. ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమవుతున్నట్టు, ఆ తర్వాత అర్థం కాకపోతే బాగుండునన్నట్టు.

"జాలితో ఇంత పని ఎవరూ చెయ్యరు," అంది చివరికి.

"చెయ్యరు."

"అయితే నిజంగానే తుడవలేదు."

"లేదు."

"సోమవారం నేను గరాజులోకి వచ్చేసరికి మీకు తెలుసు."

"తెలుసు."

"నిద్ర పట్టడం లేదని చెప్పాను. ఒక మనిషిని చంపబోయానని చెప్పాను. మీరు నిలబడి విన్నారు."

"విన్నాను," అన్నాడు ఓర్విల్. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆ గడప ముందు నిలబడ్డాక ఆ మాట అడగడానికి ముఖం చెల్లలేదు.

రోజాన్ తలుపు వేసేస్తుందనుకున్నాడు. ఆమె వెయ్యలేదు. మెడకి వేలాడుతున్న చేతిని రెండో చేత్తో సర్దుకుంది.

"రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు, గల్లాపెట్టె దగ్గర కూర్చోడానికి. ఈ చేత్తో బండి నడపలేను. ఆరు వారాలు పడుతుందన్నాడు డాక్టరు. ఎవర్ని బతిమాలాలా అని పొద్దుట్నించీ చూస్తున్నాను."

"నేను తీసుకెళ్తాను."

"మీరే తీసుకెళ్ళాలి," అంది గట్టిగా. "ఆరు వారాలూ. నేను మాట్లాడను. మీరూ మాట్లాడొద్దు."

"ఎన్నింటికి రమ్మంటావు?"

"నాలుగుంపావుకి. హారన్ కొట్టకండి, పక్కింట్లో చంటిపిల్ల ఉంది."

తలుపు మూసుకుంది. ఇంటికి వెళ్ళగానే బండి ఇంజను హీటరు ప్లగ్గులో పెట్టాలి, లేకపోతే ఈ చలికి నాలుగింటికి అది లేవదు అనుకుంటూ ఓర్విల్ మెట్లు దిగాడు.